అసలు, నకలు, పాత నకలు

కచేరీ భాష ద్వారా తెలుగులోకి వచ్చి స్థిరపడిన అరబ్బీ మాటలలో ‘అసలు’, ‘నకలు’ అన్నవి జంట పదాలు. మొదటిదానికి వేరు, మూలం అని అర్థం. రెండవదానికి ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడం అని మూలార్థం. అందులో నుండే ప్రతి తీయడం అన్న అర్థం ఏర్పడినది. ఉర్దూ శాఖవారికి మేము ఈ సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు విద్యార్థులకు మాత్రం ఇవి పరాయి మాటలని తోచనంతగా మన భాషలో కలిసిపోయినవి. రైతు అసలు దస్తావేజును ఇనుపపెట్టెలో దాచి, చేతిలో నకలుతో కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు. నకలు చిరిగిపోతే మరొకటి తీయించుకుంటాడు. అసలు పోయిననాడు గాని ఈ రెండింటికి గల భేదం ఇంటిల్లిపాదికీ తెలిసిరాదు.

ఈ వ్యాసంలో మేము వివరింపదలచినది కంప్యూటర్లలోను, చేతిఫోన్లలోను పేరుకొనిపోయే నకళ్లను గూర్చి. ఇంగ్లీషులో వీటికి ‘క్యాష్’ అని పేరు. డబ్బు అన్న అర్థంగల క్యాష్‌కు, దీనికి ఉచ్చారణలో తప్ప బంధుత్వం లేదు. ఫ్రెంచి భాషలో దాచుట అన్న క్రియ నుండి పుట్టిన మాట ఇది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాచార్యుడు మారిస్ విల్క్స్ 1965లో ప్రకటించిన ఒక చిన్న పత్రంలో, పెద్దదై మందకొడిగా పనిచేసే జ్ఞాపకశక్తికి తోడుగా చిన్నదై చురుకుగా పనిచేసే మరొక జ్ఞాపకశక్తిని జోడించవచ్చునని ప్రతిపాదించినాడు. ఆయన దానికి పెట్టిన పేరు ‘దాస స్మృతి’ అన్న అర్థంగలది. 1968లో ఐబిఎం సంస్థ ప్రకటించిన సిస్టమ్ 360, మోడల్ 85 యంత్రంలో ఈ ఏర్పాటు అమలునకు వచ్చినది. క్యాష్ అన్న పేరు ఆ యంత్రంతోనే వ్యాప్తిలోకి వచ్చినది. దాసుడు అన్న మాట పోయి దాపరికం అన్న మాట నిలవడం మంచిదే అయినది.

యంత్రపు గర్భంలో ఉండే ఆ నకలు విద్యుత్తు ఆగగానే మాయమవుతుంది కావున దానితో మనకు పేచీ లేదు. పేచీ అంతా డిస్కుపైన వ్రాసిపెట్టుకొనే నకళ్లతోనే. ఒక వెబ్ పుటను చూసినప్పుడు అందులోని బొమ్మలను, ఆ పుటను నడిపించే చిన్న ప్రోగ్రాములను బ్రౌజరు తన దగ్గర దాచుకొంటుంది. మరునాడు అదే పుటను అడిగితే దూరపు సర్వరు దాకా పోకుండా తన దాపరికం నుండి తీసి ఇస్తుంది. వ్రాతపని చేసే ప్రోగ్రాము యంత్రంలో ఉన్న వందల ఫాంట్లను ప్రతిసారీ విప్పి చూడకుండా వాటి వివరాలను ఒక పట్టికగా వ్రాసిపెట్టుకొంటుంది. అందుచేత పని వేగంగా సాగుతుంది, డేటా ఖర్చు తగ్గుతుంది. కావున నకలు దోషం కాదు. పాతబడిన నకలును గూర్చియే మన విచారణ.

పాతబడిన నకలు ఎట్టిదో మన ఇళ్లలోని ఉదాహరణమే చెప్పుతాము. రంజాను మాసంలో సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక మసీదుల వద్ద, దుకాణాల వద్ద ఉచితంగా పంచిపెడతారు. దానిని వంటింటి తలుపుకో, బీరువాకో అంటిస్తాము. పండుగ వెళ్లిపోతుంది, పట్టిక మిగిలిపోతుంది. మన దేశంలో 2024లో మొదటి రోజా మార్చి 12న వచ్చినది. 2025లో మార్చి 2న వచ్చినది. చాంద్రమాన సంవత్సరం చిన్నది కావున పది పన్నెండు రోజులు వెనుకకు జరుగుతూ ఉంటుంది. పాత పట్టికలో ‘మొదటి రోజా’ అన్న వరుసను ఈ ఏడు చూసుకొన్నచో సహరీ వేళలో ఆరేడు నిమిషాలు, ఇఫ్తార్ వేళలో రెండు మూడు నిమిషాలు తేడా వస్తుంది. గమనింపదగిన విశేషమేమనగా, ఆ పట్టికలో ఇంగ్లీషు తేదీల కెదురుగా ఉన్న వేళలు నేటికీ దాదాపు సరియైనవే, సూర్యుడు మారలేదు. రోజా సంఖ్యలే అబద్ధమైనవి. మొత్తంగా తప్పైన కాగితాన్ని ఎవరూ నమ్మరు. ముప్పాతిక సరియైన కాగితం నమ్మకాన్ని కలిగించి కొద్దిపాటి తప్పును లోపలికి తెస్తుంది. కంప్యూటర్లోని పాత నకలు స్వభావం కూడా అచ్చముగా ఇట్టిదే.

ఇక ప్రధానమైన ప్రశ్నకు వద్దాము. కొత్త వెర్షన్ వేసినప్పుడు పాత ప్రోగ్రాము పోతుంది గదా, దాని నకళ్లు ఎందుకు మిగులుతవి? వేసినవారే తుడవకూడదా?

దీనికి సమాధానం ఆస్తి లెక్కలలో ఉన్నది. ఒక సాఫ్ట్‌వేర్‌ను యంత్రంలో ప్రతిష్ఠించునప్పుడు, తాను తెచ్చిపెట్టిన ఫైళ్లు ఇవి అని ఒక జాబితా వ్రాసుకొంటుంది. తీసివేయునప్పుడు ఆ జాబితాను చూసి తన వస్తువులను తాను తీసుకొనిపోతుంది. నకళ్లు ఆ జాబితాలో ఉండవు. అవి తరువాత, ఒక్కొక్క వాడుకరి పని చేయుచుండగా, ఆ వాడుకరి సొంత ఫోల్డరులో పుట్టినవి. వాడుకరి ఫోల్డరు అంటే ఇంటి లోపలి గది వంటిది. ప్రతిష్ఠించే ప్రోగ్రాము అందులో చేయి పెట్టరాదన్నది లినక్సు లోకంలో చాలాకాలంగా ఉన్న మర్యాద. ఆ మర్యాద లేకపోయినచో మన వ్యాసాలు, మన లెక్కలు కూడా ఎవరో ఒకరు ఎత్తుకొని పోయే ప్రమాదం కలదు. అందుచేత సామాను దించినవాడు తన సామాను తీసుకొనిపోతాడు. గదిలో రాలిన కాగితాలు ఇంటివాని పాలిట మిగులుతవి.

ఒక ప్రత్యక్ష ఉదాహరణం. ఉబుంటు అను ఉచిత లినక్సు వ్యవస్థలో 2022 ఏప్రిల్‌లో 22.04, 2024 ఏప్రిల్‌లో 24.04 అను దీర్ఘకాలిక వెర్షన్లు వెలువడినవి. అందులో ఫాంట్ల వ్యవహారం చూసే భాగానికి ఫాంట్‌కాన్ఫిగ్ అని పేరు. అది ఒక్కొక్క ఫాంటు ఫోల్డరుకు ఒక్కొక్క నకలు ఫైలు తయారు చేసి, ఆ ఫైలు పేరు చివర తన వ్రాత పద్ధతిని తెలిపే సంఖ్యను తగిలిస్తుంది. 22.04లో ఆ సంఖ్య 7. 24.04కు మారగానే 9 అయినది. కొత్త ప్రోగ్రాము 9 అని ఉన్నవాటినే చదువును. 7 అని ఉన్నవాటి ముఖం చూడదు. కావున ప్రతి ఫోల్డరుకు 9 సంఖ్యతో కొత్త ఫైలు పుట్టును. 7 సంఖ్యగలది పక్కనే పడి ఉండును. ఇందులో మరొక చమత్కారం కలదు. ఈ నకళ్లను సరిచేయుటకు ఎఫ్‌సి-క్యాష్ అని ఒక ఆజ్ఞ ఉన్నది. పాతవన్నీ చెరిపి కొత్తగా వ్రాయమని దానికి గట్టిగా చెప్పినను, అది తన సంఖ్య ఉన్న ఫైళ్లనే సవరిస్తుంది గాని వేరు సంఖ్యగలవాటిని తాకక దాటిపోతుంది. ఇది అలసత్వం కాదు. అదే యంత్రంలో పాత ఫాంట్‌కాన్ఫిగ్‌ను తనలో ఇముడ్చుకొన్న వేరొక ప్రోగ్రాము ఉండవచ్చును. దానికి ఆ 7 సంఖ్యగల ఫైలే ఆధారం. పొరుగువాని సొత్తేమోనన్న సందేహంతో ముట్టకుండుట న్యాయమే. వాటిని తీయవలెనన్నచో వాడుకరి ఇంటి ఫోల్డరులోని ‘క్యాష్’ అను ఉపఫోల్డరుకు పోయి, ఫాంట్‌కాన్ఫిగ్ పేరుగల దానిలోని ఫైళ్లను చేతితో చెరపవలెను. అన్నింటిని చెరిపినను నష్టం లేదు. తరువాత తెరిచిన ప్రోగ్రాము కొంచెం ఆలస్యంగా తెరుచుకొని కావలసినవాటిని మరల వ్రాసుకొనును. కంప్యూటర్ పాఠం చదివే విద్యార్థులు ఇదే తమాషాను పైథాన్‌లో కూడా చూడవచ్చును. 2011లో వెలువడిన పైథాన్ 3.2 నుండి, అనువాదమైన ప్రతులు పైక్యాష్ అను ఉపఫోల్డరులో, పేరులో వెర్షన్ సంఖ్యతో సహా నిలుస్తున్నవి. 22.04లో 310 అని, 24.04లో 312 అని ఒకే పాఠానికి రెండు ప్రతులు ఒకే గదిలో నివసిస్తవి.

పైథాన్ వారు అట్లు ఎందుకు చేసినారో తెలుసుకొన్నచో ఈ విషయమంతటికీ తాళపుచెవి దొరుకుతుంది. అంతకు పూర్వం అనువాద ప్రతి మూలపాఠం పక్కనే, వెర్షన్ గుర్తు లేని పేరుతో ఉండేది. రెండు వెర్షన్లు ఒకే ఫోల్డరును వాడితే ఒకదాని ప్రతిని మరొకటి కొట్టివేసి తిరగవ్రాసేది. అంతకంటె విపరీతం మరొకటి. పైథాన్ 2లో మూలపాఠాన్ని చెరిపివేసినను పక్కన ప్రతి మిగిలి ఉంటే, ప్రోగ్రాము ఏమీ ఎరగనట్లు ఆ ప్రతినే చదివి పనిచేసేది. అసలు లేదు, నకలు రాజ్యం చేస్తున్నది! చెరిపినవాడు చెరిపినాననుకొంటాడు, ప్రోగ్రాము మాత్రం పాత మాటే మాట్లాడుతుంది. దోషం ఎక్కడున్నదో వెదకుటకు గంటలు పట్టేది. (పైథాన్ 2 కాలం 2020 జనవరి 1తో ముగిసినది.) కొత్త ఏర్పాటులో మూలం లేనిదే పైక్యాష్ గదిలోని ప్రతికి విలువ లేదు.

అనగా కర్తల ఎదుట రెండు దారులు ఉన్నవి. కొత్త నకలుకు పాత పేరే పెడితే, పాతది కొత్తదిగా చలామణి అయ్యే ప్రమాదం. పేరు మారిస్తే ఆ ప్రమాదం లేదు గాని, పాతది మూలన పడి చోటు తినును. మంచి కర్తలు రెండవ దారినే ఎన్నుకొన్నారు, తప్పు జవాబు కంటె చెత్త మేలని. కావున అప్‌గ్రేడ్ తరువాత మన డిస్కులలో కనిపించే చెత్తలో చాలా భాగం, సరియైన జవాబు కొరకు మనం చెల్లించిన మూల్యమే. దానిని చూసి కంగారుపడనక్కరలేదు, తీరికగా ఊడ్చుకొనవచ్చును. కంగారుపడవలసినది చలామణిలో ఉన్న పాత నకలును గూర్చి.

దానికి విద్యార్థులు ప్రతి ఏటా గురియగుచున్నారు. ఉపకార వేతనాల దరఖాస్తుకు ఆఖరుతేదీ దగ్గరపడుతుంది. ఆ సైటువారు ఏవో మార్పులు చేసి ఉంటారు. విద్యార్థి బ్రౌజరులో పాత ప్రోగ్రాము ముక్క దాగి ఉన్నది. పుట మాత్రం కొత్తది. పాత ముక్క కొత్త పుటతో కుదరక బొత్తాము నొక్కితే కదలదు, లేదా ఆదాయ ధ్రువపత్రం చేర్చినను చేరలేదని చూపుతుంది. విద్యార్థి తన పత్రంలోనే లోపమున్నదని తలచి మీ-సేవకు పరుగెత్తుతాడు. ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, పత్రం రుసుము పోయినవి. తేదీ దాటితే ఒక సంవత్సరపు ఫీజు పోయినట్లే. ఇట్టి సందర్భంలో మొదట చేయవలసినది ఉచితమైనది, అర నిమిషం పట్టేది. కంట్రోల్ మీటను నొక్కి ఉంచి ఎఫ్5 మీటను నొక్కినచో బ్రౌజరు తన దాపరికాన్ని పక్కనబెట్టి పుటను సర్వరు నుండి మరల తెప్పించును. ఫోనులో అట్టి మీట లేదు కావున ప్రైవేటు కిటికీలో, అనగా ఇన్‌కాగ్నిటో కిటికీలో, అదే పుటను తెరిచి చూడవలెను. అందులో పాత నకళ్లు ఉండవు. అక్కడ సరిగా పనిచేసి మామూలు కిటికీలో పనిచేయకపోయినచో లోపం మన బ్రౌజరు దాచుకొన్నవాటిలోనే ఉన్నదని అనుమానింపవచ్చును. రెండింటను పనిచేయకపోతే అది వారి లోపమో, మన పత్రపు లోపమో అయి ఉండును. అప్పుడు కార్యాలయానికి పోవడం సబబు.

సర్వరు ప్రతి వస్తువుతోపాటు ‘ఇది ఇన్ని సెకండ్ల వరకు చెల్లును’ అని ఒక చీటీ పంపవచ్చును. కొన్నింటికి 3,15,36,000 సెకండ్లు అని ఉండును. లెక్క వేసి చూడండి, సరిగా ఒక సంవత్సరం. అంత గడువు ఇచ్చినవారు వస్తువు మారినప్పుడు పేరు కూడా మార్చవలెను. మార్చకపోతే ఏడాది పొడుగునా పాతదే చెల్లుబాటవుతుంది. చీటీ వ్రాసినవారి పొరపాటుకు ఫలితం అనుభవించేది ఊరి చివర నెట్ సెంటరులో కూర్చున్న విద్యార్థి.

మా వంటి రెండు లిపుల సంచికలో ఫాంట్ల సంగతి చెప్పక తప్పదు. కంపోజింగు చేసేవారు అక్షరాలు చెదిరిన ప్రతిసారీ ‘క్యాష్ క్లియర్ చేయండి’ అంటున్నారు. ఇది అన్ని జ్వరాలకు ఒకే మాత్ర ఇచ్చినట్లున్నది. తెలుగు అక్షరాల స్థానంలో చతురస్రపు డబ్బాలు కనిపిస్తే ఆ అక్షరాలున్న ఫాంటు యంత్రంలో లేదని తెలియవలెను. ఉర్దూ పుటలో నస్తాలీఖ్ ఉండవలసిన చోట నస్ఖ్ రీతిలో అక్షరాలు నిలబడి కనిపించినను అంతే. జమీల్ నూరీ నస్తాలీఖ్ వంటి ఫాంటు లేక యంత్రం చేతికందినదానితో సరిపెట్టినది. విండోస్ ఎక్స్‌పితో 2001లో వచ్చిన గౌతమి ఫాంటు విండోస్ 10 నాటికి ఐచ్ఛిక సామగ్రిలోకి పోయినది. పాత వ్యాసాలను కొత్త యంత్రంలో తెరిస్తే నిర్మలా ఫాంటు వచ్చి కూర్చొని పంక్తుల పొడవు మారి, పుటల లెక్క తప్పుతుంది. వీటిలో ఏదియు నకలు దోషం కాదు. ఫాంటు యంత్రంలో ఉన్నది, నిన్న సరిగానే కనిపించినది, అదే పేరుతో కొత్త వెర్షన్ వేసిన తరువాతనే చెదిరినది అన్నప్పుడు మాత్రమే నకలును అనుమానింపవలెను. అప్పుడు యంత్రాన్ని ఒకసారి ఆపి తెరిచి చూచి, తగ్గకపోతే విండోస్‌లోని ఫాంట్ క్యాష్ సర్వీసును నిలిపి, దాని ఫైళ్లను చెరిపి, మరల నడిపింపవలెను.

ఇంతవరకు పాత నకళ్లను గూర్చి కఠినంగా మాట్లాడినాము. ఇక చీపురు పట్టినవారిని హెచ్చరింపవలసి ఉన్నది, ఏలననగా నిజమైన నష్టాలు మిగిలిపోయిన చెత్త వలన కంటె తొందరపడి ఊడ్చుట వలననే ఎక్కువ కలుగుచున్నవి.

ఆండ్రాయిడ్ ఫోనులో ఏ యాప్ వివరాలను తెరిచినను రెండు బొత్తాములు పక్కపక్కన కనిపిస్తవి. ఒకటి ‘క్లియర్ క్యాష్’. రెండవది ‘క్లియర్ డేటా’, కొన్ని ఫోన్లలో ‘క్లియర్ స్టోరేజ్’. మొదటిది నకళ్లను మాత్రమే తీయును. చోటు మరీ తక్కువైనప్పుడు ఆ పనిని ఫోను తనంతట తానే చేసుకొనును. రెండవది ఆ యాప్‌లో మనం వ్రాసుకొన్నది, దాచుకొన్నది, లాగిన్ అయినది సమస్తం తుడిచి, ఆ యాప్‌ను అప్పుడే కొన్నట్లు చేయును. రెండు బొత్తాములకు దూరం బొటనవ్రేలి వెడల్పు. పాఠం నోట్సు యాప్‌లో వ్రాసుకొన్న విద్యార్థికి ఆ బొటనవ్రేలి వెడల్పులో ఒక సెమిస్టరు ఉన్నది. బ్రౌజరులో కూడా ఇట్టిదే: చెరపవలసిన వాటి జాబితాలో ‘దాచిన బొమ్మలు, ఫైళ్లు’ అన్నదానికి మాత్రమే గుర్తు ఉంచి, కుకీలు, పాస్‌వర్డులు అన్నవాటికి గుర్తు తీసివేయవలెను.

కావున చెరపబోవు ముందు ఒక ప్రశ్న వేసుకొనవలెను: ఇది పోతే మరల ఎక్కడి నుండి పుట్టును? ఫాంట్ పట్టిక ఫాంట్ల నుండి పుట్టును. బ్రౌజరు నకలు సర్వరు నుండి పుట్టును. వాట్సాప్‌లో అక్క పంపిన పెళ్లి ఫోటో ఎక్కడి నుండి పుట్టును? అక్క ఫోను నుండి, అది అక్కడ ఇంకా ఉన్నంతవరకే. అక్క ఫోను పాడైపోతే మన దగ్గరున్న నకలే అసలైపోయినది. నకలు అన్న పేరు వస్తువుకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. అసలు జీవించి ఉన్నంతవరకే ఆ పేరు. తెలుగు చదువుకొన్నవారికి ఇది కొత్త కాదు. సి.పి. బ్రౌను కడపలోని తన బంగళాలో పండితులను నియమించి తాళపత్రాల నుండి కావ్యాలకు కాగితపు ప్రతులు వ్రాయించినాడు. తాళపత్రం చెదపురుగు పాలైన తరువాత పరిష్కర్తకు ఆ కాగితమే మూలం.

ఈ ప్రశ్న విండోస్ అప్‌గ్రేడ్ విషయంలో మిక్కిలి అవసరం. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది కావున పలు కళాశాలలు విండోస్ 11కు మారినవి, ఇంకను మారుచున్నవి. మారినప్పుడు పాత వ్యవస్థ మొత్తం ‘విండోస్ ఓల్డ్’ అను ఫోల్డరులోకి జరుపబడును. పదుల గిగాబైట్ల చోటు తినును. మామూలుగా పది రోజుల తరువాత యంత్రమే దానిని తొలగించును. డిస్క్ క్లీనప్ ద్వారా ముందుగా కూడ తొలగింపవచ్చును. ఇది నకలు కాదని మేము నొక్కి చెప్పుచున్నాము. కొత్త వ్యవస్థ నచ్చక వెనుకకు పోవుటకు అదియే దారి. అప్‌గ్రేడ్ పద్ధతిని బట్టి ఒక్కొక్కసారి వాడుకరుల పాత ఫైళ్లు కూడ అందులోనే చిక్కుకొని ఉండును. ల్యాబులో ముప్పది మంది పేర్లతో ముప్పది ఫోల్డర్లు ఉన్నచో, ముప్పది మంది తమ తమ ప్రాజెక్టు రిపోర్టులు చూసుకొన్న తరువాతనే దాని జోలికి పోవలెను. పది రోజుల గడువు సెలవులలో కరిగిపోకుండా అప్‌గ్రేడ్ పనిని సెలవుల ముందు పెట్టుకొనకుండుట మంచిది.

దీనికి భిన్నమైన సంగతి ఉబుంటు యంత్రాలలో దించుకొన్న ప్యాకేజీలది. ఆప్ట్ అను ప్రోగ్రాము తాను తెచ్చిన ప్యాకేజీలను ఒకచోట నిలువ చేయును. ‘క్లీన్’ అన్నచో అన్నింటిని తీసివేయును. ‘ఆటోక్లీన్’ అన్నచో ఇకమీదట ఎక్కడా దొరకని పాత వెర్షన్లను మాత్రమే తీయును. పట్నంలో నెట్ వేగంగా ఉన్నచోట మొదటిది చాలును. నెట్ నత్తనడక నడిచే కళాశాలలో ఒక యంత్రానికి దించినదానిని మిగిలిన ఇరవై యంత్రాలకు పెన్‌డ్రైవుతో చేర్చవచ్చును కావున రెండవదే ఉచితమని మా అభిప్రాయం.

ఊడ్చుటకు ప్రత్యేకమైన ప్రోగ్రాములు కొనవలెనా అని కమిటీ సభ్యులు అడుగవచ్చును. అక్కరలేదు. విండోస్‌లోను, ఆండ్రాయిడ్‌లోను ఆ పనిముట్లు ముందే ఉన్నవి. సీక్లీనర్ అను ప్రసిద్ధ శుభ్రపరిచే ప్రోగ్రాము వృత్తాంతం గుర్తుంచుకొనదగినది. 2017 ఆగస్టులో వెలువడిన దాని 5.33 వెర్షన్‌లో, తయారీదారుల యంత్రాలలోనే చొరబడిన దుండగులు విషపు ప్రోగ్రామును కలిపినారు. సెప్టెంబరులో బయటపడునప్పటికి దాదాపు 22 లక్షల 70 వేల యంత్రాలలోకి అది పోయినది. ఆ వెర్షన్‌ను తరువాత తొలగించినారు. ఇల్లు ఊడ్చేవారికి ఇంటి తాళాలన్నీ ఇవ్వవలసివచ్చును గదా. ఆ తాళాలు ఎవరికి ఇస్తున్నామో చూడవలెను.

కళాశాల మట్టుకు మా సూచన ఇది. ప్రతి అప్‌గ్రేడ్ తరువాత రెండు వారాలకు ఒక దినాన్ని నిర్ణయించి, ఆ దినాన ల్యాబు బాధ్యులు, వాడుకరుల సమక్షంలో ఈ పని చేయవలెను. అప్పటికి కొత్త వెర్షన్ కుదురుకొన్నదీ లేనిదీ తేలిపోవును. విండోస్ ఓల్డ్ ఫోల్డరు తనంతట పోయే పది రోజుల గడువులోపల విద్యార్థుల ఫైళ్లను వెదికి తీయుట మాత్రం వేరే పనిగా, ముందుగానే జరుగవలెను. కొత్త డిస్కుల కొరకు అర్జీ పెట్టుటకు ముందు, ఉన్న డిస్కులో ఎంత భాగం అసలు, ఎంత భాగం నకలు అని లెక్క తీసి కమిటీ ముందుంచినచో సొమ్ము విషయమై నిర్ణయం సులువగును.

సంవత్సరాంతపు బ్యాకప్ తీయువారికి ఒక సౌకర్యం కలదు. ఫాంట్‌కాన్ఫిగ్ వంటి కొన్ని ప్రోగ్రాములు తమ నకలు ఫోల్డరులో ‘క్యాష్‌డిర్ ట్యాగ్’ అను ఒక చిన్న ఫైలును ఉంచుచున్నవి. దాని మొదట్లో అందరూ అంగీకరించిన 43 అక్షరాల గుర్తు ఉండును. ఈ ఫోల్డరులోనిది నకలు మాత్రమే అని దాని తాత్పర్యం. లినక్సులోని టార్ అను మూటకట్టే ప్రోగ్రాముకు ‘ఎక్స్‌క్లూడ్ క్యాషెస్’ అన్న ఐచ్ఛికాన్ని ఇచ్చినచో, ఆ గుర్తు కనిపించిన ఫోల్డరులోని నకళ్లను విడిచిపెట్టి మిగిలినవాటిని మూటకట్టును. ఆ గుర్తు పెట్టని ప్రోగ్రాములు ఇంకను అనేకం ఉన్నవి. వాటి ఫోల్డర్లను ల్యాబు బాధ్యులు ఒక కాగితంపై వ్రాసి బ్యాకప్ యంత్రం పక్కన ఉంచుకొని, ప్రతి అప్‌గ్రేడ్‌కు ఆ కాగితాన్ని కూడా సరిచూసుకొనవలెను.